రాడార్లు కొన్నందుకు రొయ్యల చెరువులు

ఎమిరేట్స్‌లో ఏం ఉద్యోగం చేసేదానివని ఎవరైనా అడిగితే, రొయ్యలకి డాక్టర్నని చెప్పేదాన్ని. నవ్వేవాళ్ళు. దుబాయ్ వెళ్ళినవాళ్ళు బంగారం తెస్తారు గానీ రొయ్యలు పెంచుతారా అని వాళ్ళ నవ్వు. నిజానికి నాకు జీతం వచ్చింది రొయ్యల్లోంచి కాదు, రాడార్లలోంచి. అది చెబితే ఇంకా నవ్వుతారని ఊరుకునేదాన్ని. ఇప్పుడు కూచుని రాస్తున్నాను కనక మొదట్నించీ చెప్తాను.

మాది భీమవరం పక్క. ఫిషరీస్ చదివాను. పెళ్ళయి షార్జా వచ్చేసరికి మా ఆయనకి షిప్పింగ్ ఆఫీసులో ఉద్యోగం, నాకు ఒక గది ఫ్లాటు, దానికో కిటికీ. కిటికీ తీస్తే ఎదురింటి వాళ్ళ ఏసీ వేడిగాలి మొహాన కొట్టేది. పొద్దస్తమానం ఇంట్లో కూచుని, సాయంత్రం మా ఆయన రాగానే ఆయన మీద విరుచుకుపడటం తప్ప నాకు వేరే పని లేదు. ఆ రోజుల్లోనే పేపర్లో ప్రకటన పడింది. ఉమ్ అల్ క్వైన్‌లో రొయ్యల ఫారంలో లాబ్ చూసుకునే మనిషి కావాలట. మా ఆయన నాకంటే ముందు దరఖాస్తు రాసేశాడు. అది 2003.

ఇంటర్వ్యూ చేసిన మేనేజరు ఈజిప్టు మనిషి. పెద్ద పొట్ట, నెమ్మదైన నడక, అంతకంటే నెమ్మదైన మాట. తెల్లమచ్చ జబ్బు గురించి ఏం తెలుసని అడిగాడు. ఏం తెలియటం ఏమిటి, ఆ జబ్బుతోనే మా వైపు ఊళ్ళకి ఊళ్ళు అప్పులపాలయ్యాయి. ఆయన గుక్కెడు టీ తాగినప్పుడల్లా నేను ఇంకో చెరువు కథ మొదలుపెట్టాను. చివరికి చెయ్యి అడ్డం పెట్టి, ఇక చాలు, రేపట్నించి రా అన్నాడు.

ఫారం హైవేకీ మడ అడవులకీ మధ్య ఉండేది. తెల్లగా ఉప్పు తేలిన నేల, గడ్డిపరక మొలవదు. సముద్రపు నీళ్ళు కాలవలోకి తోడి చెరువులకి పెట్టేవాళ్ళు. ఎండాకాలం ఆ నీళ్ళు ఇగిరిపోయి ఎంత ఉప్పెక్కేవంటే, రొయ్యని పట్టుకుంటే అప్పటికే ఉప్పు పట్టించినట్టుండేది. ఆఫీసు గదిలో గోడకి ఒక ఫోటో వేలాడేది. కొండ మీద పెద్ద చక్రంలాంటి ఆంటెనా. రొయ్యల ఆఫీసులో దీనికేం పనని మేనేజర్ని అడిగాను.

"అది మన కుటుంబ పెద్ద. రోజూ దణ్ణం పెట్టుకో," అన్నాడాయన.

తరవాత అసలు సంగతి చెప్పాడు. ఇది చిన్న దేశం. చమురుంది, మనుషులు తక్కువ. చుట్టూ ఉన్నవాళ్ళందరూ పెద్దవాళ్ళు. అందుకని ఆయుధాలు కొంటుంది, గట్టిగానే కొంటుంది. అయితే కొనేటప్పుడు అమ్మేవాడికి ఒక షరతు పెడుతుంది. మా డబ్బంతా మూటకట్టుకుని పోతానంటే కుదరదు, అందులో కొంత ఇక్కడే ఏదో ఒక వ్యాపారంలో పెట్టి, ఇక్కడి మనిషిని భాగస్వామిగా చేర్చుకుని, నడిపి చూపించు అంటుంది. నడిచిన కొద్దీ అమ్మినవాడి పేరున పాయింట్లు పడతాయి. గడువులోగా పాయింట్లు నిండాయా, సరే. నిండలేదా, జరిమానా కట్టాలి. యూరప్‌లో రాడార్లు చేసే ఒక కంపెనీ ఆ షరతు కింద పెట్టిందే మా రొయ్యల ఫారం.

నాకు భలే ముచ్చటేసింది. కూరగాయలు కొంటే కొసరు కరివేపాకు అడిగినట్టు, రాడార్లు కొని కొసరుగా చెరువులు అడిగారన్నమాట. ఎంత గడుసువాళ్ళో అనుకున్నాను. ఇంటికెళ్ళి చెబితే మా ఆయన కూడా మురిసిపోయాడు. ఆ రోజు నించీ నా టిఫిన్ బాక్సుకి రక్షణ శాఖ క్యారేజీ అని పేరు పెట్టాడు. మనం కొసరు కింద లెక్క అన్న మాట మాత్రం మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

మొదటి పంట పోయింది. ఆగస్టు వేడికి రొయ్యలు పైకి తేలి చచ్చిపోయాయి. నేను భయపడ్డాను. మా ఊళ్ళో అయితే అప్పులిచ్చినవాళ్ళు గట్టు మీదకి వచ్చేసేవాళ్ళు. ఇక్కడ రాడార్ కంపెనీ వాళ్ళు ఒక్క మాట అనలేదు. కొత్త ఏరేటర్లు పంపారు, పంపులు పంపారు, చెరువుల మీద కట్టటానికి నీడవలలు పంపారు, నా లాబ్‌కి నేను అడిగిన మైక్రోస్కోపు, అడగని ఫ్రిజ్ కూడా పంపారు. జ్వరమొచ్చిన ఒక్కగానొక్క కొడుకుని చూసుకున్నట్టు చూసుకున్నారు. ఎంత మంచి యజమానులో అనుకున్నాను. చెరువులు తెలిసిన మనుషులు కావాలంటే మేనేజరు అదీ సరేనన్నాడు.

పిన్ని నాకు దొరికింది అప్పుడే. ఉమ్ అల్ క్వైన్ బజారులో కూరగాయల కొట్టు ముందు ఒకావిడ గోంగూర కట్ట పట్టుకుని, కొట్టువాడికి తెలుగు రాదన్న ధైర్యంతో కాబోలు, "ఇది గోంగూరంట్రా? మా గేదెక్కూడా ఎయ్యం," అంటూ తిడుతోంది. నాకు నవ్వాగలేదు. ఆవిడ గిరుక్కున తిరిగింది.

"తెలుగోరా? ఏ ఊరమ్మాయ్?"

చెప్పాను. వాళ్ళది మా ఊరికి కాలవ అవతల ఊరు. పిన్నీ అని పిలవటానికి అంతకంటే ఏం కావాలి. ఆవిడ ఒక అరబ్బుల ఇంట్లో ఖద్దామా, అంటే ఇంటిపని. మొగుడు చెరువులు లీజుకి చేసేవాడట. తెల్లమచ్చకి రెండు పంటలూ వరసగా పోతే, ఇద్దరు పిల్లల్ని వాళ్ళమ్మ దగ్గర వదిలి, ముందు ఈవిడ ఎడారికొచ్చింది. ఆయన అక్కడ, ఈవిడ ఇక్కడ. సెలవుకి వెళ్ళినప్పుడు చూసుకోవటమే.

"మా ఆయనకి రొయ్యలు తప్ప ఇంకోటి చేతకాదమ్మాయ్. ఈ ఇసకలో ఆయనకేం పని దొరుకుద్ది?" అంది.

"నా దగ్గర దొరుకుద్ది పిన్నీ," అన్నాను. ఆవిడ నమ్మలేదు. మర్నాడు డ్రైవర్ని బతిమాలి ఫారం దగ్గరికొచ్చి, గేటు బయట నించే చెరువులు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బాబాయ్ వచ్చాడు. బక్కగా, నల్లగా, ఎప్పుడూ ఏదో ఒకటి సవరిస్తూ ఉండే మనిషి. కూడా మా వైపు వాళ్ళు ఇంకో నలుగురు వచ్చారు. చెరువుల గట్ల మీద గోదావరి తెలుగు వినపడటం మొదలైంది. బాబాయ్ నన్ను అమ్మాయ్ అనే పిలిచేవాడు. పదిమందిలో మేడంగారూ అనమని మిగతావాళ్ళు చెబితే, "మేడంగారమ్మాయ్," అనటం మొదలుపెట్టాడు.

పిన్ని పనిచేసే ఇంటావిడ మంచిది. శుక్రవారం మధ్యాహ్నం డ్రైవర్నిచ్చి పంపేది, సాయంత్రం అసర్ నమాజు వేళకి మళ్ళీ తీసుకెళ్ళేవాడు. మా పనికి శుక్రవారాలు లేవు, రొయ్యలకి సెలవేముంది. వంతులవారీగా నేనూ ఉండేదాన్ని. గురువారం సాయంత్రమే బాబాయ్ గడ్డం గీసుకునేవాడు. మిగతావాళ్ళు ఆటపట్టించేవాళ్ళు, పెళ్ళికొడుక్కి నలుగు పెట్టాలా అని. ఆయన సిగ్గుపడి తిట్టేవాడు. పిన్ని రాగానే సంచీ దించి, షెడ్డులో గ్యాస్ పొయ్యి వెలిగించి, చింతకాయ వేసి రొయ్యల కూర వండేది. అందరం తినేవాళ్ళం. తరవాత వాళ్ళిద్దరూ గట్టు మీద షెడ్డు నీడలో కూచునేవాళ్ళు. ప్రేమగా ఏదో మాట్లాడుకుంటున్నారనుకుంటే పొరపాటు. ఎప్పుడూ పోట్లాటే. పిల్లాడికి ట్యూషన్ ఎందుకు మాన్పించావని ఆవిడ, మీ అమ్మే మాన్పించిందని ఆయన. కారు హారన్ వినపడగానే పోట్లాట సగంలో ఆపి ఆవిడ లేచేది. మిగతా సగం మళ్ళీ శుక్రవారానికి. పెళ్ళయిన ఇన్నేళ్ళకి వాళ్ళకి వారం వారం పోట్లాడుకునే భాగ్యం దొరికిందని నాకు చూడముచ్చటగా ఉండేది.

ఆ సముద్రంలో చలికాలం నీళ్ళు బాగా చల్లబడతాయి. రొయ్య మేత మానేస్తుంది, ఎదగదు. అందుకని అక్కడ ఏడాదికి ఒకటే పంట. వేసవి ముందు పిల్ల వదలటం, చలి రాకముందు పట్టటం, మిగతా కాలమంతా చెరువులు ఎండబెట్టుకోవటం. ఖాళీ చెరువు చూస్తే బాబాయ్ గట్టు మీద కుదురుగా కూచోలేకపోయేవాడు.

"ఇలా ఎండబెట్టుకుని కూకుంటే ఆసామి ఊరుకుంటాడా అమ్మాయ్? వచ్చే ఏడు చెరువు ఇంకోడికి రాసేత్తాడు," అనేవాడు.

మా వైపు లీజు చెరువుల పద్ధతి అది. ఏటేటా లీజు తిరగరాయించుకోవాలి. పంట బాగా చూపిస్తే ఆసామి మళ్ళీ మనకే ఇస్తాడు. చూపించకపోతే గట్టు దిగాల్సిందే. అక్కడ పుట్టి పెరిగిన నాకూ ఆ భయం కొత్త కాదు. అందుకని బాబాయ్ ఉపాయం చెప్పగానే ఎగిరి గంతేశాను. చిన్న చెరువు ఒకదాని మీద గుడారంలా ప్లాస్టిక్ పట్టా కప్పేస్తే లోపల నీళ్ళు వెచ్చగా ఉంటాయి. చలికాలమంతా పిల్లల్ని అందులో పెంచి, ఎండ రాగానే పెద్ద చెరువుల్లోకి మారిస్తే, ఎండాకాలం మధ్యలోనే ఒక పంట చేతికొస్తుంది. వెంటనే ఇంకో విడత వదిలితే చలిలోగా రెండో పంట.

మేనేజరుకి చెప్పాం. ఆయన అలవాటు ప్రకారం, "షువయ్యా, షువయ్యా," అన్నాడు. నెమ్మదిగా, నెమ్మదిగా అని. ఆయన నోట రోజుకి ఎన్నిసార్లు ఆ మాట వచ్చేదో. పంపు త్వరగా బాగుచేయించండంటే షువయ్యా. మేత ముందే తెప్పించండంటే షువయ్యా. మేం ఆయనకి ఆ పేరే పెట్టేశాం. బద్ధకస్తుడు, జీతం దండగ అని బాబాయ్, నేనూ గట్టు మీద నవ్వుకునేవాళ్ళం. చివరికి నా పోరు పడలేక పట్టా కొనటానికి సంతకం పెట్టాడు. సంతకం పెడుతూ నా వంక అదోలా చూశాడు. ఆడమనిషి చెబితే వినాల్సివచ్చిందని ఉడుక్కుంటున్నాడనుకున్నాను.

2006లో రెండు పంటలు తీశాం. మొదటి పట్టుబడి రోజు తెల్లారుతుండగా తూము దగ్గర వల బిగించి నీళ్ళు వదిలితే, వలలో రొయ్యలు దబదబా కొట్టుకుంటుంటే, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి బాబాయ్ చిన్నపిల్లాడిలా అరిచాడు. మొదటి గంపకి పసుపూ కుంకుమా పెట్టాడు. మా వైపు ఆ గంప ఆసామి ఇంటికి పంపాలి.

"ఆసామి ఇల్లెక్కడమ్మాయ్?" అని అడిగాడు.

నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. రాడార్ కంపెనీ యూరప్‌లో ఉంది. పాయింట్లు వేసేవాళ్ళు అబూ ధాబీలో ఉన్నారు. స్థానిక భాగస్వామి దుబాయ్‌లో ఏదో భవనంలో ఉన్నాడు. దగ్గర్లో ఉన్నది ఆయనే కనక ఆయనకే పంపాం. గంప అందినట్టు ఫోను కూడా రాలేదు. అయినా మేం ఎవరం ఏమీ అనుకోలేదు. షార్జా, దుబాయ్ సూపర్‌మార్కెట్లలో మా రొయ్యలు ఐసు మీద మెరుస్తున్నాయి. మా ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి మరీ చూపించాను.

పిన్నికి ఆ ఏడాదితో కాంట్రాక్టు అయిపోవాలి. ఇక ఇంటికి పోయి పిల్లల దగ్గర ఉంటానని ఎప్పట్నించో అంటోంది. రెండో పంట పట్టిన వారం బాబాయ్ గట్టు మీద ఆవిడకి నచ్చజెప్పటం విన్నాను.

"ఇంకో రెండేళ్ళుండు. ఇప్పుడు మనం వదిలేత్తే ఎలా? పంట సూశాక ఆసామి మనల్ని కదలనిత్తాడా? పిల్లాడి చదువు అయిపోద్ది, ఇద్దరం కలిసే ఎళ్ళిపోదారి."

ఆవిడ నన్ను అడిగింది. నువ్వు చదువుకున్నదానివి, ఈ ఫారం ఉంటుందా అని. ఇంత బాగా నడుస్తోంటే ఎవరైనా మూస్తారా పిన్నీ అన్నాను. అప్పుడు ఎవరినడిగినా అదే చెప్పి ఉండేవాళ్ళు. ఆవిడ కాంట్రాక్టు మళ్ళీ రాయించుకుంది.

2007లో చలి తగ్గి, పిల్లల్ని పెద్ద చెరువుల్లోకి మార్చిన కొన్నాళ్ళకి రాడార్ కంపెనీ నించి ఒకాయన వచ్చాడు. పెద్దమనిషి, మర్యాదస్థుడు. ఆఫీసులో భోజనం పెట్టాం. అందరికీ చేతులిచ్చాడు. రొయ్యల వేపుడు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. పండ్లరసం గ్లాసు పట్టుకుని లేచి నిలబడి, మీరు చేసింది మామూలు పని కాదన్నాడు. గడువు ఇంకా చాలా ఉండగానే మా పాయింట్లు మొత్తం నిండిపోయాయి, మా కంపెనీ చరిత్రలో ఇంత తొందరగా ఎక్కడా జరగలేదు, మీ అందరికీ రుణపడి ఉంటామన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. ఇంగ్లీషు రాని బాబాయ్ అందరికంటే గట్టిగా కొట్టాడు.

నేను ఉత్సాహం పట్టలేక అడిగేశాను. "అయితే ఇంకా చెరువులు తవ్వుతారా సార్?"

ఆయన నా వంక జాలిగా చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు నచ్చదు. "మేడం, మేం రాడార్లు చేస్తాం. రొయ్యల గురించి మాకేం తెలుసు? మా బాధ్యత తీరిపోయింది. ఇకమీదట మీ స్థానిక భాగస్వామి ఇష్టం," అన్నాడు.

తరవాత వాళ్ళ కంపెనీ పత్రికకి ఫోటో కావాలని బాబాయ్‌ని పక్కన నిలబెట్టుకుని భుజం మీద చెయ్యేశాడు. ఈయన శ్రమకి ప్రత్యేకంగా కృతజ్ఞతలని ఆయన భాషలో చెప్పండని నన్నడిగాడు. బాబాయ్ పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ నా నోటి వంక చూస్తున్నాడు.

"బాగా చేశావంటున్నారు బాబాయ్," అన్నాను. మిగతాది చెప్పకుండా ఫోటోకి అడ్డం లేకుండా పక్కకి తప్పుకున్నాను.

ఆయన కారు గేటు దాటగానే మేనేజరు గదిలోకి దూసుకెళ్ళాను. మీకు ముందే తెలుసా అని అడిగాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"రోజూ చెబుతూనే ఉన్నాను కదా తల్లీ, షువయ్యా అని."

"నెమ్మదిగా అంటే మాకేం అర్థమవుతుంది? ఇలా జరుగుతుందని విప్పి చెప్పొచ్చు కదా?"

"ఏమని చెప్పను? పని బాగా చెయ్యకండి, బాగా చేస్తే పోతారు అని ఏ ముదీరైనా, ఏ మేనేజరైనా పనివాళ్ళతో అంటాడా? అన్నానని తెలిస్తే ఆ పూటే నన్ను పంపేస్తారు. నాకూ పిల్లలున్నారు. మొదటి పంట పోయినప్పుడు మనల్ని ఎలా చూసుకున్నారో గుర్తుందా? మనకి జబ్బుగా ఉన్నంతకాలం వాళ్ళు మనల్ని బతికించుకుంటారు. అలా నడుపుదామనుకున్నాను. మీరు నడపనివ్వలేదు."

ఆయన గొంతులో కోపం లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు, రాడార్ కంపెనీ మీద కాదు, ఆ షరతు పెట్టినవాళ్ళ మీద కూడా కాదు. వాళ్ళు రాసుకున్న ప్రకారమే వాళ్ళు చేశారు. తిట్టటానికి ఒక్క మనిషి దొరకని కోపం ఎంత నరకమో అప్పుడు తెలిసింది. లాబ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

దుబాయ్ వెళ్ళి స్థానిక భాగస్వామిని కలిశాను. చాలాసేపు కూచోబెట్టినా కలిశాడు, కాఫీ ఇప్పించాడు. ఆయన గోడ మీద మా ఫారం నేలకి కొత్త ప్లాను వేలాడుతోంది. నీలం రంగు కాలవ చుట్టూ వరసగా విల్లాలు. అప్పట్లో దేశమంతా అదే ఊపు, ఇసక కనపడితే విల్లా బొమ్మ గీసేవాళ్ళు. ఫారం లాభాల్లో ఉంది కదా సార్ అన్నాను. ఉంది, కాని ఆ నేలకి ఇంకా మంచి లాభం ఉందన్నాడు. కాఫీ కప్పు పెట్టేసి లేచాను.

బాబాయ్‌కి చెప్పక తప్పలేదు. ఆయన ముందు నమ్మలేదు. పంట పోతే మూస్తారు గానీ పండితే మూస్తారా, నీకు ఇంగ్లీషు సరిగ్గా అర్థం కాలేదేమో అన్నాడు. తరవాత, "ఆసామితో ఓ మాట సెప్పి సూడమ్మాయ్. ఇంకో ఏడు ఇమ్మను. మూడో పంటకి కూడా దారి సూత్తాను," అన్నాడు.

"ఆసామి లేడు బాబాయ్," అన్నాను.

"లేకపోవటమేటి? సెరువుంటే ఆసామి లేకుండా ఎలా ఉంటాడు?"

వేరే ఎక్కడైనా పని చూద్దామంటే, వీసాల వ్యవహారం చూసే మందూబ్ కుదరదన్నాడు. బాబాయ్ వాళ్ళందరూ వ్యవసాయం కింద వచ్చినవాళ్ళు, ఆ వీసా వేరే పనికి మారదు, రద్దయితే దేశం వదలాల్సిందే. నాది మా ఆయన వీసా. నాకు ఉద్యోగం పోతుంది, అంతే. ఆ తేడా తలుచుకుంటే గట్టు మీద వాళ్ళ మొహాలు చూడటం కష్టంగా ఉండేది.

చివరికి పిన్ని కఫీల్, అంటే ఆవిడకి వీసా ఇచ్చిన ఇంటాయన దగ్గరికి వెళ్ళాను, వాళ్ళింట్లోనే బాబాయ్‌కి తోటపనో కాపలాపనో ఇప్పించమని. మా ఆయన కూడా వచ్చాడు. ఆయన మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో కూచోబెట్టి, తానే ఖర్జూరాల పళ్ళెం మా ముందుకి జరిపాడు. హిందీ బాగా మాట్లాడేవాడు. సైన్యంలో అధికారి. ఆ చిన్న ఎమిరేట్‌లో సైన్యంలోనో పోలీసులోనో ఒకరైనా లేని ఇల్లు అరుదు. నేను రాడార్ల సంగతి, రొయ్యల సంగతి మొత్తం చెప్పాను. చెబుతూ చెబుతూ గొంతు పెంచాను. మీకు రాడార్లొచ్చాయి, మా వాళ్ళు పోతున్నారు అనేశాను. మా ఆయన నా కాలు తొక్కాడు.

ఆయనకి కోపం రాలేదు. "చెల్లీ, పక్కవాడు దండెత్తితే కువైట్ ఒక్క పొద్దుటిపూట పోయింది. నాకప్పుడు కొత్తగా ఉద్యోగం. ఆ వార్త విన్న రోజు మా నాన్న నన్ను పట్టుకుని ఏడ్చాడు, మనది అంతకంటే చిన్న చోటు కదా అని. మేం రాడార్లు కొనకుండా ఉండలేం. కొన్నప్పుడు మా పిల్లల కోసం ఇంకేదైనా కూడా మిగలాలని ఆ షరతు పెట్టుకున్నాం. చెరువులు మిగలాలనే కదా," అన్నాడు. మళ్ళీ తనే, "మిగల్లేదు," అన్నాడు.

పనివాళ్ళ వీసాలు తనకి ఎన్ని ఉండాలో అన్నీ అయిపోయాయట. డ్రైవరు, వంటవాడు, పిన్ని, పాత తోటమాలి. తోటమాలిని పంపేసి బాబాయ్‌ని పెట్టుకోమంటారా అని నన్నే అడిగాడు. ఆ తోటమాలి కిటికీ అవతల గొట్టం పట్టుకుని మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు, తల నెరిసిన మనిషి. వద్దన్నాను. 

చెరువులు ఖాళీ చేయమని మే నెలలో దుబాయ్ నించి భాగస్వామి మనుషులు చెప్పారు. అప్పటికి రొయ్య వేలెడంత కూడా లేదు. అమ్మటానికి పనికిరాదు. ఇంకొన్ని వారాలు ఆగితే పంట వస్తుందని మేనేజరు అడిగి చూశాడు. నేల చదును చేసే మిషన్లు మాట్లాడేశాం, అయిపోయింది, ఖలాస్ అన్నారు. నీళ్ళు కాలవలోకి వదిలెయ్యాలి.

తూములు ఇంకెవరి చేతా ఎత్తించనన్నాడు బాబాయ్. వల లేకుండా తూము ఎత్తటం ఆయన బతుకులో అదే మొదటిసారి. నీళ్ళు బురదరంగుగా పోతుంటే, అద్దంలాంటి పిల్లరొయ్యలు ఆ నీటితో కొన్ని పోయాయి, కొన్ని అడుగు బురదలో ఎగిరెగిరి పడ్డాయి. కొంగలు, సముద్రపు పక్షులు ఎక్కడెక్కడినించో దిగాయి. మా వాళ్ళలో ఒకతను రాయి తీసి విసరబోయాడు. "తిననియ్యరా, ఆటికైనా పనికొత్తాయి," అన్నాడు బాబాయ్. నేను ఎప్పటిలాగే చెరువు చెరువుకీ నాలుగు రొయ్యలు సీసాలో పట్టి లాబ్‌కి తీసుకెళ్ళాను. ఏ జబ్బూ లేదు. అంత ఆరోగ్యంగా ఉన్న రొయ్యల్ని నేను అక్కడ అంతకుముందు చూడలేదు.

ఆఖరి శుక్రవారం పిన్ని వచ్చింది. కూర వండలేదు. ఇద్దరూ గట్టు మీద ఎప్పుడూ కూచునే చోటే కూచున్నారు. ఆ రోజు పోట్లాడుకోలేదు. కాంట్రాక్టు తెంపుకుని నేనూ వచ్చేస్తానని ఆవిడ అన్నట్టుంది, పిల్లాడి చదువు సంగతేమిటని ఆయన అన్నట్టుంది. నేను దూరంగా లాబ్ కిటికీలోంచి చూశాను, వినలేదు. హారన్ మోగింది. ఆవిడ లేవలేదు. రెండోసారి మోగితే బాబాయే చెయ్యిచ్చి లేపాడు.

బాబాయ్ వాళ్ళని ఆ వారంలోనే విమానం ఎక్కించారు. షార్జా విమానాశ్రయానికి నేనూ మా ఆయనా వెళ్ళాం. "ఉంటానమ్మాయ్, పిన్నిని సూత్తా ఉండు," అన్నాడు. అలాగే బాబాయ్ అన్నాను. అంతకంటే నేను చెయ్యగలిగింది ఏమీ లేదని ఆయనకీ తెలుసు.

ఆపై శుక్రవారం మధ్యాహ్నం మా ఫ్లాటు బెల్లు మోగింది. తలుపు తీస్తే పిన్ని. చేతిలో సంచీ. ఇల్లు చూపించి డ్రైవరు కిందికి దిగిపోయాడు. ముందు ఫారం దగ్గరికే తీసుకెళ్ళమన్నదట. గేటుకి తాళం, లోపల మిషన్లు గట్లు చదును చేస్తున్నాయట. గేటు ముందు కారులో చాలాసేపు కూచుని, తరవాత మా ఇంటి అడ్రసు చెప్పిందట. లోపలికొచ్చి సోఫా అంచున కూచుంది. అన్నం తినమంటే వద్దంది. కాసేపటికి లేచి వంటింట్లోకెళ్ళి నా గిన్నెలు తోమబోయింది. చెయ్యి పట్టుకుని ఆపి, తీసుకొచ్చి కూచోబెట్టాను.

"మా మేడం మంచిదమ్మాయ్," అంది. "మీ ఆయన ఎళ్ళిపోయాడని నీ శుక్రవారం పోగొట్టుకోకు, డ్రైవర్ని పంపుతాను, ఎప్పుట్లాగే ఎళ్ళిరా అంది. ఇంకా ఏడాదిన్నరుంది. పెతీ శుక్రవారం కారెక్కించి పంపేత్తాది." నా వంక చూసింది. "ఎక్కడికెళ్ళాలో సెప్పు."

మా ఆయన లేచి బయటి వరండాలోకి వెళ్ళిపోయాడు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. కింద డ్రైవరు హారన్ కొట్టేదాకా ఇద్దరం అలాగే కూచున్నాం.